ఆకు నూగే పైరుకు తొలి కవచం

* ఒక పురుగుకు అడ్డుగోడ.. మరో పురుగుకు పాన్పు
* విత్తనం కొనేముందే ఆకు గుణం తెలుసుకోవడం మేలు

జూబ్లీహిల్స్, ఫిలింనగర్: పచ్చని చేలను వెండితెరపై చూపే తెలుగు చిత్ర పరిశ్రమకు నెలవైన జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాల్లో డాబాలపైనా, పెరళ్లలోనూ చిన్నపాటి సేద్యం సాగుతోంది. కుండీల్లో బెండ, వంగ, టమోటా, చిక్కుడు పెంచుకొనే కుటుంబాలకు ఈ కొండల మీద కొదవ లేదు. వీరిలో చాలామందికి బెండ మొక్కతో ఎదురయ్యే చిక్కు ఒకటే. విత్తిన నెల రోజులు తిరిగేసరికి ఆకుల అంచులు పసుపు రంగుకు మారతాయి. తరువాత ఎర్రబడి, ముడుచుకొని, చివరకు నిప్పు సెగ తగిలినట్లు మాడిపోతాయి. నీరు చాలలేదనో, ఎరువు తక్కువైందనో భావించి మరికొంత నీరు, మరికొంత ఎరువు వేస్తారు. ఫలితం మాత్రం కనిపించదు.

ఆకును తిప్పి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. అడుగు భాగంలో ఈనెల వెంట మూడు మిల్లీమీటర్లు కూడా లేని లేత ఆకుపచ్చ పురుగులు పక్కవాటుగా నడుస్తూ కనిపిస్తాయి. వీటినే పచ్చదోమ లేదా దీపపు పురుగులు అంటారు. ఆకు రసం పీలుస్తూ, తమ లాలాజలంలోని విష పదార్థాన్ని ఆకులోకి ఎక్కించడం వల్లనే అంచులు మాడతాయి. ఫిలింనగర్ డాబాపై బెండను పీల్చే ఈ పురుగే ఆదిలాబాద్ నుంచి నల్గొండ దాకా పత్తి చేలనూ పీడిస్తోంది. రెండూ ఒకే జాతి పురుగులు. బెండ, పత్తి ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు కావడమే ఇందుకు కారణం.

డాబాపై మొక్క పోతే కూరకు మాత్రమే లోటు. చేను పోతే రైతు కుటుంబానికే లోటు. తెలంగాణలో ఏటా 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి సాగవుతోంది. పైరు తొలి రెండు నెలల్లో రైతు మందు డబ్బా భుజాన వేసుకోవడానికి ప్రధాన కారణం రసం పీల్చే పురుగులే. మందుకు అయ్యే ఖర్చు ఒక ఎత్తు, దానివల్ల ప్రాణానికి కలిగే ముప్పు మరో ఎత్తు. ఆదిలాబాద్‌ను ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తి చేలకు పురుగుమందులు చల్లుతూ విషప్రభావానికి లోనై 20 మందికి పైగా మరణించారు. ఒక్క పిచికారీ తగ్గినా దాని విలువ ఎంతో ఈ ఘటన చెబుతుంది.

పిచికారీల సంఖ్యను నిర్ణయించే అంశాల్లో చాలామంది గమనించనిది ఆకు ఉపరితలం. పక్కపక్కనే ఉన్న రెండు చేలలో ఒకటి మాడిపోయి, మరొకటి పచ్చగా నిలవడానికి అనేక సందర్భాల్లో ఆకు మీద ఉండే నూగు, మైనపు పూత, ఆకు మందం, గట్టిదనం కారణమవుతున్నాయి.

ఆకు మీదే తొలి పోరు

పురుగు మొక్కను తినడానికి ముందు ఆకుపై వాలాలి. కాళ్లు నిలదొక్కుకోవాలి. అనువైన చోటు వెదికి గుడ్డు పెట్టాలి. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు తినే చోటికి చేరుకోవాలి. ఆపై నోటితో ఆకును కొరకాలి, లేదా సూదివంటి మూతిని లోపలికి దించాలి. ఈ మెట్లలో ఏ ఒక్కదానివద్ద అడ్డు తగిలినా పురుగు ఉధృతి తగ్గుతుంది. మొక్క తన ఆకుతో కల్పించే అడ్డంకులు ఇక్కడే పనిచేస్తాయి.

వీటిలో మొదటిది నూగు. ఆకుపై కంటికి లీలగా కనిపించే సన్నని వెంట్రుకలవంటి నిర్మాణాలను నూగు అంటారు. కొన్ని సూదుల్లా నిటారుగా, కొన్ని కొక్కేల్లా వంగి, మరికొన్ని కొనలో జిగురు బొట్టుతో ఉంటాయి. రెండవది మైనపు పూత. తామరాకుపై నీటిబొట్టు నిలవకుండా జారిపోయేది ఈ పూత వల్లనే. జూబ్లీహిల్స్ రాళ్ల మధ్య, రోడ్ల పక్కన మొలిచే జిల్లేడు ఆకును వేలితో రుద్దితే తెల్లని పొడి అంటుతుంది. ఆముదం కాండంపై కనిపించే బూడిదవంటి పొర కూడా మైనపు పూతే. మూడవది ఆకు గట్టిదనం. గడ్డి జాతి మొక్కలు నేలలోని సిలికాను పీల్చుకొని ఆకుల్లో నింపుకొంటాయి. ఈ మూడింటిలో ఏదీ విషం కాదు, కేవలం అడ్డంకి మాత్రమే. అందుకే వీటిని భౌతిక నిరోధక లక్షణాలుగా శాస్త్రవేత్తలు వ్యవహరిస్తారు.

పత్తిలో పచ్చదోమకు నూగు దెబ్బ

ఆకు నూగుకూ పురుగు నిరోధానికీ ఉన్న బంధాన్ని ప్రపంచానికి చాటిన పంట పత్తి. దక్షిణాఫ్రికాలో 1920లలో పచ్చదోమ తాకిడికి అమెరికన్ పత్తి నిలవలేకపోయింది. బార్బర్టన్ కేంద్రంలో పార్నెల్ అనే శాస్త్రవేత్త చేలలో బతికి నిలిచిన మొక్కలను ఎంపిక చేస్తూ యూ4 అనే రకాన్ని రూపొందించారు. ఇది నూగు దట్టంగా ఉన్న రకం. ఆయన బృందం 1949లో ప్రచురించిన పరిశోధన పత్రం పత్తి నూగుకూ పచ్చదోమ నిరోధానికీ గల సంబంధాన్ని వివరంగా నమోదు చేసింది.

పచ్చదోమ తన గుడ్లను ఆకు అడుగున ఈనెల లోపల పొదుగుతుంది. ఈనెలపై నూగు పొడవుగా, దట్టంగా ఉంటే గుడ్లు పెట్టే అవయవం కణజాలాన్ని సులభంగా అందుకోలేదు. పిల్ల పురుగులకూ రసం పీల్చడం కష్టమవుతుంది. నూగు ఉంటే చాలదు, అది తగినంత పొడవుగా కూడా ఉండాలి. పొట్టి నూగు ఎంత దట్టంగా ఉన్నా ప్రయోజనం పరిమితమే. ఆకు పైభాగంలో కన్నా పురుగు కాపురముండే అడుగు భాగంలోని నూగే ముఖ్యం.

ఈ విషయం బీటీ పత్తి వచ్చిన తరువాత మరింత ప్రాధాన్యం సంతరించుకుంది. దేశంలో బీటీ పత్తి సాగుకు 2002 మార్చిలో అనుమతి లభించింది. బీటీ జన్యువు కాయతొలుచు పురుగుల కోసం ఉద్దేశించినది. రసం పీల్చే పురుగులపై దానికి ఎలాంటి ప్రభావమూ లేదు. విపణిలోకి వచ్చిన హైబ్రిడ్లలో పలు రకాలు పచ్చదోమను తట్టుకోలేనివి కావడంతో, కాయతొలుచు పురుగుకు కొట్టే మందు తొలుత తగ్గినా రసం పీల్చే పురుగులకు కొట్టే మందు పెరిగింది. విత్తన శుద్ధి మందు ప్రభావం తొలి కొన్ని వారాలకే పరిమితం. ఆ తరువాత పైరును కాపాడవలసింది ఆకు గుణం, రైతు జాగ్రత్త మాత్రమే.

అదే నూగు తెల్లదోమకు పాన్పు

నూగు దట్టంగా ఉన్న రకాన్ని వేస్తే సమస్య తీరినట్లేనా అంటే, తీరదన్నదే సమాధానం. పచ్చదోమకు ముళ్లకంపలా తోచే నూగు తెల్లదోమకు మెత్తని పాన్పు అవుతుంది. తెల్లదోమ నూగు మధ్య గుడ్లు పెడుతుంది. దాని పిల్ల పురుగులు ఒకచోట అతుక్కొని కదలకుండా రసం పీలుస్తాయి. నూగు వాటికి నీడను, తేమను, శత్రువుల నుంచి రక్షణను ఇస్తుంది. శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు సైతం నున్నని ఆకు కన్నా నూగు ఆకుపైనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. నూగు ఎక్కువైతే పత్తి ఏరేటప్పుడు ఎండుటాకు పొడి దూదికి అంటుకొని నాణ్యత తగ్గుతుందన్న ఇబ్బందీ ఉంది. అమెరికాలో నున్నని ఆకు పత్తి రకాలపై శ్రద్ధ పెట్టడానికి ఈ రెండు కారణాలూ దోహదం చేశాయి.

తెల్లదోమ చేసే నష్టం ఎంతటిదో తెలుగు రైతులకు అనుభవమే. 1980ల మధ్య కాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ విజృంభించి పత్తి రైతులను కుదేలు చేసింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను విచక్షణ లేకుండా వాడటం వల్ల మిత్ర పురుగులు నశించడం అందుకు ప్రధాన కారణాల్లో ఒకటిగా నిలిచింది. అనంతరం తెల్లదోమను తట్టుకొనే రకంగా గుంటూరు సమీపంలోని లాం పరిశోధన స్థానం నుంచి ఎల్‌కే 861 (కాంచన) వెలువడింది. 2015లో పంజాబ్, హర్యానా రాష్ట్రాల్లో తెల్లదోమ బీటీ పత్తిని తీవ్రంగా దెబ్బతీసింది.

దీన్నిబట్టి అన్ని పురుగులనూ ఆపగల ఆకు లేదని స్పష్టమవుతుంది. ఏ ప్రాంతంలో ఏ పురుగు ఏటా బాధిస్తుందో దాన్నిబట్టి ఆకును ఎంచుకోవాలి. పచ్చదోమ బెడద ఉన్నచోట నూగు ఆకు, తెల్లదోమ బెడద ఉన్నచోట నూగు తక్కువ ఆకు మేలు. రెండూ ఉన్నచోట మధ్యస్థ నూగు గల రకంతో సరిపెట్టుకొని, మిగిలిన జాగ్రత్తలపై ఆధారపడాలి. బెండ ఆకు ఆకారం గల పత్తి రకాలు కూడా ఉన్నాయి. వీటి ఆకులు లోతుగా చీలి ఉండటంతో గాలి, వెలుతురు లోపలికి చొరబడతాయి. కాయకుళ్లు తగ్గుతుంది. పిచికారీ చేసిన మందు అడుగు ఆకులకూ అందుతుంది.

ఆముదంలో బూడిద పూత

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నది సామెత. మహబూబ్‌నగర్, నల్గొండ మెట్ట భూముల్లో వానలు ముఖం చాటేసిన సంవత్సరాల్లో ఆముదమే రైతును ఆదుకున్నది. ఈ పంటలో పురుగు నిరోధం నూగు మీద కాక మైనపు పూత మీద ఆధారపడి ఉంటుంది. నూనెగింజల పరిశోధన సంస్థ హైదరాబాద్ శివారు రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఆముదంపై పరిశోధనలు అక్కడా, నాగర్‌కర్నూల్ జిల్లాలోని పాలెం పరిశోధన స్థానంలోనూ కొనసాగుతున్నాయి.

ఆముదం రకాలను పూతను బట్టి నాలుగు తరగతులుగా విభజిస్తారు. అసలు పూత లేనివి మొదటి తరగతి. కాండంపై మాత్రమే పూత ఉంటే ఒంటి పూత రకమంటారు. కాండంతోపాటు ఆకు అడుగు భాగంలోనూ ఉంటే రెండు పూతల రకం. ఆకు పైభాగానికి కూడా వ్యాపిస్తే మూడు పూతల రకం. కాండాన్ని, ఆకు రెండు వైపులను వేలితో రుద్ది చూస్తే రైతు తన పొలంలోనే ఏ తరగతి రకమో తేల్చుకోవచ్చు.

పూత లేని రకాలను పచ్చదోమ తీవ్రంగా దెబ్బతీస్తుంది. రెండు, మూడు పూతల రకాలు దాన్ని తట్టుకొంటాయి. ఆముదానికి వచ్చే పచ్చదోమ పత్తికి వచ్చే జాతి కాదు, దాని దాయాది. పూత పొడిపొడిగా రాలడంతో పురుగు కాళ్లకు పట్టు చిక్కదు. అయితే పత్తిలో కనిపించిన తిరకాసే ఇక్కడా ఎదురవుతుంది. మూడు పూతల ఆముదంపై తెల్లదోమ ఎక్కువగా వృద్ధి చెందుతుందని, పూత తక్కువ రకాలపై దాని ఉధృతి తక్కువని పరిశీలనల్లో వెల్లడైంది. పంట మారినా, లక్షణం మారినా సూత్రం మాత్రం మారలేదు.

పటాన్‌చెరు చూపిన జొన్న మొలక

జూబ్లీహిల్స్ నుంచి ముంబయి రహదారి మీదుగా గంట ప్రయాణం చేస్తే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వస్తుంది. మెట్ట పంటల కోసం 1972లో ఏర్పాటైన ఈ అంతర్జాతీయ సంస్థలో జొన్నకు పట్టే మొవ్వు ఈగపై సుదీర్ఘ పరిశోధన జరిగింది. ఆకు లక్షణాలు పురుగును ఎలా నిలువరిస్తాయో మెట్టు మెట్టుగా తెలిసిన ఉదంతాల్లో ఇది ముఖ్యమైనది.

మొవ్వు ఈగ చిన్న ఈగలా బూడిద రంగులో ఉంటుంది. జొన్న మొలకెత్తిన వారం నుంచి నెలలోపు ఆకు అడుగున తెల్లని, పొడవాటి గుడ్లను విడివిడిగా పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగిలి పిల్ల పురుగు బయటకు వస్తుంది. అది ఆకు మీదుగా పాకుతూ మొవ్వులోకి దిగి, ఎదిగే మొగ్గను తెగగొడుతుంది. నడి ఆకు ఎండి, లాగితే చేతిలోకి ఊడి వస్తుంది. దీన్నే మొవ్వు చనిపోవడం అంటారు. 1960లలో హైబ్రిడ్ జొన్నలు వచ్చిన తరువాత ఈ సమస్య తీవ్రమైంది.

1970ల చివర ఇక్రిశాట్‌లో తట్టుకొనే రకాల మొలకలను పరిశీలించిన మైతి, బిడింగర్ అనే శాస్త్రవేత్తలు రెండు తేడాలను గుర్తించారు. మొదటిది ఆకు అడుగు భాగంలో మొనదేలిన సన్నని నూగు. ఇది ఈగ గుడ్లు పెట్టడానికీ, పిల్ల పురుగు పాకడానికీ అడ్డం వస్తుంది. రెండవది మొలక ఆకులు నిగనిగలాడుతూ, లేత రంగులో ఉండటం. ఇలాంటి ఆకుపై ఈగ వాలడం తగ్గుతుంది. ప్రపంచం నలుమూలల నుంచి సేకరించిన వేలాది జొన్న రకాల్లో నిగనిగలాడే మొలకలున్నవి బహు తక్కువ. అందులోనూ అధిక భాగం దక్షిణాపథానికి చెందిన దేశవాళీ జొన్నలే కావడం విశేషం. రబీలో నేటికీ పేరున్న మాల్దండి (ఎం 35-1) ఈ కోవలోనిదే.

ఆ తరువాత మూడో సంగతి బయటపడింది. పిల్ల పురుగు తెల్లవారుజామున మొవ్వులోకి దిగడానికి నడి ఆకు మీది తేమ పొర తోడ్పడుతుంది. ఆ తేమ కేవలం మంచు వల్ల వచ్చేది కాదని, మొక్కలోంచే ఊరుతుందని పరిశోధనలో తేలింది. తట్టుకోలేని రకాల్లో నడి ఆకు తడితడిగా ఉంటే, తట్టుకొనే రకాల్లో పొడిగా ఉంటుంది. పొడి ఆకుపై పిల్ల పురుగు దారిలోనే ఎండి చనిపోయే అవకాశం ఎక్కువ. ఒకే పురుగును అడ్డుకొనేందుకు నూగు, నిగారింపు, పొడిదనం మూడూ కలిసి పనిచేసిన తీరు ఇది.

జిగురు నూగు, కొక్కెం నూగు

టమోటా ఆకును నలిపితే వేళ్లకు పసుపుపచ్చని జిగురు అంటి ఘాటైన వాసన వస్తుంది. ఇది ఆకుపై ఉండే జిగురు నూగు పని. చిన్న పురుగుల కాళ్లు, మూతి ఈ జిగురులో చిక్కుకుపోతాయి. అడవి టమోటా జాతుల్లో ఈ నూగు మరింత దట్టంగా ఉండి, పురుగులకు హాని చేసే రసాయనాలను సైతం స్రవిస్తుంది. సాగు రకాల్లో రుచి, పరిమాణం కోసం తరతరాలుగా ఎంపిక చేస్తూ రావడంతో ఈ రక్షణ చాలావరకు పలుచబడింది.

ఫ్రెంచి చిక్కుడు ఆకుల అడుగున కొక్కెం నూగు ఉంటుంది. యూరప్‌లోని బాల్కన్ ప్రాంతంలో పూర్వం రాత్రివేళ మంచాల చుట్టూ ఈ ఆకులను పరిచేవారు. నల్లులు వాటిపై నడుస్తూ కొక్కేలకు చిక్కుకొనేవి. ఉదయం ఆకులను పోగుచేసి కాల్చివేసేవారు. కొక్కేలు నల్లి కాళ్లలోకి గుచ్చుకొని కదలనివ్వవని 2013లో అమెరికా శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శినితో చూసి నిర్ధారించారు.

కంది పంటలో శనగపచ్చ పురుగు కాయలను తొలిచివేస్తుంది. మన దేశంలో బీళ్లలో తీగలా అల్లుకొనే అడవి కంది జాతి ఒకటి ఉంది. దాని కాయలపై జిగురు లేని పొట్టి నూగు దట్టంగా ఉండి పిల్ల పురుగును కాయ వద్దకు చేరనివ్వదు. సాగు కందిలో ఈ నూగు పలుచన. పైగా దాని జిగురు నూగు స్రావం పురుగును ఆకర్షిస్తుంది కూడా. అడవి జాతి గుణాన్ని సాగు కందిలోకి తెచ్చేందుకు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కృషి చేశారు.

వరి ఆకులో ఇసుక పదును

వరి ఆకు అంచు వేలికి గీసుకుంటే కోసుకుపోవడం రైతు కూలీలకు నిత్యానుభవం. వరి నేలలోంచి సిలికాను విపరీతంగా పీల్చుకొంటుంది. ఇసుకలో ఉండేదీ ఈ పదార్థమే. ఎండిన ఆకు బరువులో సిలికాన్ మూలకం వాటా 10 శాతం వరకు ఉండవచ్చు. ఈ గట్టిదనం వల్ల కాండం తొలుచు పురుగు పిల్లల దవడలు అరిగిపోతాయి. లోపలికి దూరేందుకు ఎక్కువ సమయం పట్టడంతో ఎండకు, మిత్ర పురుగులకు చిక్కే అవకాశమూ పెరుగుతుంది. నారుమడిలో ఊక బూడిద చల్లడమనే పాత అలవాటులో అర్థం ఉంది. ఊక బూడిదలో అధిక భాగం సిలికాయే.

యూరియా మోతాదు మించితే ఇందుకు భిన్నమైన ఫలితం వస్తుంది. ఆకు ముదురు ఆకుపచ్చగా, మెత్తగా, రసవంతంగా తయారై పురుగులను పిలుస్తుంది. పత్తి, బెండల్లోనూ ఇదే తీరు. ఆకులు మాడుతున్నాయని మరింత ఎరువు వేసే డాబా తోటల యజమానులు తెలియకుండానే పచ్చదోమకు విందు చేస్తున్నారన్నమాట.

మిత్ర పురుగులకూ చిక్కే

ఆకు కవచానికి శత్రువు, మిత్రుడు అనే తేడా తెలియదు. నూగు మరీ దట్టంగా ఉంటే శనగపచ్చ పురుగు గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా అనే సన్నని పరాన్నజీవి ఆకుపై తిరగలేదు. అల్లిక రెక్కల పురుగు పిల్లలు నెమ్మదిస్తాయి. మైనపు పూత ఎక్కువైన ఆకుపై అక్షింతల పురుగు కాళ్లు జారుతాయి. కనుక నూగు ఎంత ఎక్కువైతే అంత మేలన్న అభిప్రాయం సరికాదు. పైరు వయసును బట్టి కూడా నూగు మారుతుంది. జొన్నలో ఈ లక్షణాలు అక్కరకు వచ్చేది మొలక దశలోనే. ఆకు కవచం పురుగును పూర్తిగా నిర్మూలించదు. దాని సంఖ్య పెరిగే వేగాన్ని తగ్గిస్తుంది. ఆ వ్యవధిలో సాలీళ్లు, అక్షింతల పురుగులు తమ పని తాము చేసుకొంటాయి.

సంచిపై కనిపించని సమాచారం

ఇంతటి ప్రాధాన్యం గల ఆకు గుణం విత్తనం కొనే రైతుకు తెలిసే మార్గమేది? విత్తన సంచిపై మొలక శాతం, స్వచ్ఛత, పరీక్షించిన తేదీ వంటి వివరాలు ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. ఆకుపై నూగు ఎంత, ఏ పురుగును తట్టుకొంటుంది అన్న వివరం తప్పనిసరి జాబితాలో లేదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం (2001) కింద పత్తి రకాన్ని నమోదు చేసేటప్పుడు మాత్రం ఆకు నూగు స్థాయిని పేర్కొనవలసి ఉంటుంది. అంటే నమోదు దస్త్రాల్లో ఉన్న సమాచారం సంచి మీదికి రావడం లేదు. రంగురంగుల బొమ్మల మీద కాయ పరిమాణమే కనిపిస్తుంది. ఆకు అడుగు భాగం కనిపించదు.

కొనుగోలుకు ముందు రైతు అడగవలసిన ప్రశ్నలు రెండు. ఈ రకం ఆకు నూగు దట్టమా, మధ్యస్థమా, పలుచనా? పచ్చదోమ, తెల్లదోమల్లో దేన్ని తట్టుకొంటుంది? దుకాణంలో సమాధానం లభించకపోతే మండల వ్యవసాయాధికారిని, కృషి విజ్ఞాన కేంద్రాన్ని, ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానాలను సంప్రదించవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800 180 1551కు ఫోన్ చేసి తెలుగులోనే సలహా పొందే వీలుంది. నిరుటి పంటలో పొరుగు చేలు ఎలా నిలిచాయో చూసి రావడం వీటన్నిటికన్నా నమ్మకమైన మార్గం.

పాటించదగిన జాగ్రత్తలు

* వారానికోసారి చేనులో అక్కడక్కడ 20 మొక్కలను ఎంచుకొని ఆకులను తిప్పి చూడాలి. ఉదయం వేళ పురుగులు మందకొడిగా ఉంటాయి కనుక లెక్కించడం తేలిక.

* పత్తిలో సగటున ఆకుకు 2 పచ్చదోమ పిల్లలు, లేదా 5 నుంచి 10 తెల్లదోమలు కనిపించేవరకు మందు అవసరం రాదు. ఒకటి రెండు ఆకులు మాత్రమే పండినంతనే పిచికారీకి దిగరాదు.

* పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం రైతు జేబులో ఉండటం మంచిది. ఆకును సూర్యునికి ఎదురుగా వాలుగా పట్టుకొంటే నూగు వెండి తీగల్లా మెరుస్తుంది.

* యూరియాను ఒకేసారి గుమ్మరించక విడతలుగా, సిఫారసు మేరకే వేయాలి.

* తెల్లదోమ ఉన్నచోట పసుపు రంగు జిగురు అట్టలు అమర్చాలి. పైరు తొలి దశలో పైరిథ్రాయిడ్ మందులు వాడరాదు.

* జొన్నను ఖరీఫ్‌లో తొలకరికే, అందరూ ఒకేసారి విత్తితే మొవ్వు ఈగ తాకిడి తగ్గుతుంది. ఆలస్యంగా విత్తిన చేలకే నష్టం ఎక్కువ.

* వరి నాటేముందు నారు కొనలను తుంచివేయాలి. కాండం తొలుచు పురుగు తన గుడ్ల సముదాయాన్ని ఆకు కొన దగ్గరే పెడుతుంది కాబట్టి, కొనతోపాటు గుడ్లూ పోతాయి.

డాబా తోటల వారికి మందుల అవసరమే రాకపోవచ్చు. రెండు మూడు బెండ రకాలను పక్కపక్క కుండీల్లో విత్తి, నెల తరువాత ఆకుల అడుగున పురుగులను లెక్కిస్తే తమ డాబాకు తగిన రకమేదో తేలిపోతుంది. నున్నని ఆకుకూ, గరుకు ఆకుకూ తేడా వేళ్లకే తెలుస్తుంది. తెల్లదోమ వల్ల సోకే పల్లాకు తెగులు కనిపించిన బెండ మొక్కను వెంటనే పెరికివేయాలి. నీటి ధారను ఆకు అడుగు భాగానికి బలంగా తగిలేలా కొడితే పచ్చదోమ పిల్లలు చాలావరకు రాలిపోతాయి. వేప నూనెను సబ్బు నీటిలో కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయవచ్చు.

జూబ్లీహిల్స్ కుండీలో నేర్చిన పాఠమైనా, ఆదిలాబాద్ నల్లరేగడిలో నేర్చిన పాఠమైనా సారం ఒక్కటే. పురుగు కనిపించాక మందు గురించి ఆలోచించడం కన్నా, విత్తనం కొనకముందే ఆకు గురించి ఆలోచించడం మేలు. ఆ ఒక్క అలవాటుతో పిచికారీల ఖర్చు తగ్గుతుంది. మందు చల్లే మనిషి ఆరోగ్యమూ నిలుస్తుంది.